కొలిచి నిలిచిన ఓమ్

1828 మార్చి. బెర్లిన్ నగరం. జార్జ్ సైమన్ ఓమ్‌కు 39 ఏళ్లు. చేతిలో డాక్టరేట్ ఉంది. ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన అనుభవం ఉంది. ఏడాది కిందటే అచ్చయిన పుస్తకం ఉంది. లేనిదల్లా ఉద్యోగమే. ఉన్న స్కూలు టీచరు పోస్టుకు ఆ నెలలోనే రాజీనామా ఇచ్చేశారు. ఆశపడిన యూనివర్సిటీ పోస్టు రాలేదు. విచిత్రం ఏమిటంటే, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ పుస్తకంలో ఉన్నది ఇవాళ పదో తరగతి పిల్లలు కూడా గడగడా చెప్పే ఓమ్ నియమం!

ఇప్పుడు మీకో ప్రశ్న. కరెంటు లైను లేని ఓ చిన్న ఇంటికి సోలార్ పెట్టాలి. 100 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ ఉన్నాయి. ఈ రెండింటి మధ్య ఉండాల్సిన చార్జ్ కంట్రోలర్ ఏ రకంది? ఎన్ని ఆంపియర్లది? సోలార్, టెలికాం టవర్లు, యూపీఎస్, బ్యాటరీ రంగాల్లో టెక్నీషియన్, సైట్ ఇంజినీర్ కొలువులకు వెళ్లేవారికి ఇలాంటి ప్రశ్న ఎప్పుడైనా ఎదురుకావచ్చు. నియమం నోటికి వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. కారణం ఒకటే. నియమం తెలిస్తే చాలదు, దాన్ని రాబట్టిన పద్ధతి తెలియాలి. కరెంటు పుట్టే సోర్సు, దాన్ని మోసే తీగ, వాడుకునే లోడు.. ఈ మూడింటినీ విడివిడిగా కొలవడమే ఆ పద్ధతి. దానికోసం ఓమ్ ఏం చేశారో, ఏం పోగొట్టుకున్నారో చూద్దాం.

తాళాలు చేసే నాన్నే గురువు

ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టారు. తండ్రి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ తాళాలు చేసే పనివాడు. తల్లి మరియా ఎలిజబెత్ ఓ దర్జీ కూతురు. ఏడుగురు పిల్లలు పుడితే బతికి బట్టకట్టింది ముగ్గురే. జార్జ్, తమ్ముడు మార్టిన్, సోదరి ఎలిజబెత్ బార్బరా. జార్జ్‌కు పదేళ్లప్పుడే తల్లి చనిపోయింది.

తండ్రి పెద్దగా స్కూలు చదువు చదవలేదు. కానీ సొంతంగా పుస్తకాలు చదివి గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, తత్వశాస్త్రం నేర్చుకున్నారు. వాటిని కొడుకులకు తనే చెప్పారు. జార్జ్‌కు 15 ఏళ్లప్పుడు ఎర్లాంగెన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ లాంగ్స్‌డార్ఫ్ ఆ అన్నదమ్ములను పరీక్షించి, ప్రఖ్యాత గణిత కుటుంబం బెర్నూలీలతో పోల్చారు. మార్టిన్ కూడా తర్వాత గణిత శాస్త్రవేత్తే అయ్యారు.

తండ్రి దగ్గర ఓమ్‌కు అబ్బిన విద్య ఇంకోటి ఉంది. లోహంతో పని చేయడం. తర్వాతి రోజుల్లో ప్రయోగాలకు కావాల్సిన పరికరాలు తనే తయారు చేసుకోగలిగారంటే ఆ చలవే. చేతిపని తెలిసినవాడికి కొలతలో ఎక్కడ తేడా వస్తోందో త్వరగా తెలుస్తుంది.

మూడు సెమిస్టర్లకే ఇంటికి

1805లో ఎర్లాంగెన్ యూనివర్సిటీలో చేరారు. కానీ పుస్తకాల కంటే డ్యాన్సులు, ఐస్ స్కేటింగ్, బిలియర్డ్స్ మీదే ధ్యాస ఎక్కువైంది. తనకు దొరకని చదువు కొడుక్కి దొరికితే వాడిలా వృథా చేస్తున్నాడని తండ్రికి కోపం వచ్చింది. మూడు సెమిస్టర్ల తర్వాత చదువు మాన్పించి స్విట్జర్లాండ్ పంపేశారు. అక్కడ 1806లో గాట్‌స్టాట్ అనే చోట ఓ స్కూల్లో గణితం టీచరుగా చేరారు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లే.

1809లో ఆ స్కూలు వదిలి నోషాటెల్ పట్టణంలో ప్రైవేటు ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టారు. లాంగ్స్‌డార్ఫ్ అప్పటికి హైడెల్‌బర్గ్ వెళ్లిపోయారు. తనూ అక్కడికి వచ్చి చదువుతానని ఓమ్ అడిగితే, ఆయన వద్దన్నారు. దాని బదులు ఆయిలర్, లాప్లాస్, లాక్రువా పుస్తకాలు సొంతంగా చదవమని సలహా ఇచ్చారు. ఓమ్ ఆ మాట పాటించారు. పగలు ట్యూషన్లు, మిగిలిన వేళల్లో గణితం. 1811లో ఎర్లాంగెన్‌కు తిరిగొచ్చి, అదే ఏడాది అక్టోబరు 25న డాక్టరేట్ అందుకున్నారు.

డిగ్రీ వచ్చింది.. బతుకుతెరువు రాలేదు

డాక్టరేట్ రాగానే అదే యూనివర్సిటీలో గణితం లెక్చరరుగా చేరారు. జీతం అంతంతమాత్రం, ముందుకు వెళ్లే దారీ కనిపించలేదు. మూడు సెమిస్టర్లకే ఆ పోస్టు వదిలేశారు. 1813లో బవేరియా ప్రభుత్వం బాంబెర్గ్‌లో ఓ స్కూలు టీచరు పోస్టు ఇచ్చింది. ఆ స్కూలుకు మంచి పేరు లేదు. ఓమ్‌కు నచ్చనూ లేదు. మూడేళ్లకు ఆ స్కూలే మూతపడింది. అదే ఊళ్లో, పిల్లలతో కిక్కిరిసిన ఇంకో స్కూలుకు గణితం చెప్పడానికి పంపారు.

ఆ విసుగులో ఆయన చేసిన మంచి పని ఒకటుంది. జ్యామితిని ఎలా బోధించాలో వివరిస్తూ ఓ పుస్తకం రాశారు. దాని రాతప్రతిని ప్రష్యా రాజుకు పంపారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే రెజ్యూమెతో పాటు చేసిన పనిని కూడా జత చేశారన్నమాట. 1817 సెప్టెంబరులో కొలోన్ నగరంలోని జెసూట్ జిమ్నాసియంలో గణితం, భౌతికశాస్త్రం టీచరు పోస్టు వచ్చింది. మిగతా స్కూళ్లతో పోలిస్తే ఇది మెరుగు. అన్నిటికీ మించి అక్కడ మంచి ల్యాబ్ ఉంది.

తప్పు తీగలో లేదు

1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆర్‌స్టెడ్ ఓ సంగతి కనిపెట్టారు. తీగలో కరెంటు పారితే పక్కనున్న అయస్కాంత సూది కదులుతుంది. అంటే సూది ఎంత తిరిగిందో చూసి కరెంటు ఎంతో చెప్పొచ్చు. కొలోన్ స్కూలు ల్యాబ్‌లో ఓమ్ ప్రయోగాలు మొదలుపెట్టారు. తీగ పొడవు పెరిగేకొద్దీ కరెంటు ఎంత తగ్గుతుంది? ఇదీ ఆయన ప్రశ్న.

అప్పట్లో కరెంటు కావాలంటే ఓల్టా బ్యాటరీయే దిక్కు. 1825లో ఓమ్ దాంతోనే కొలిచి, ఓ లాగరిథం సూత్రంతో పేపరు ప్రచురించారు. ఆ సూత్రం తప్పు. ఎందుకంటే ఆ బ్యాటరీ నిలకడగా ఉండదు. వాడుతుంటేనే దాని బలం మారిపోతూ ఉంటుంది. తీగ పొడవు మార్చినప్పుడు సూది తక్కువగా కదిలితే, అది తీగ వల్లో బ్యాటరీ నీరసపడటం వల్లో ఎలా తెలుస్తుంది?

పేపర్లు ప్రచురించే పత్రిక సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ ఓ సలహా ఇచ్చారు. బ్యాటరీ బదులు థర్మోకపుల్ వాడమన్నారు. రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక అతుకును వేడిగా, రెండో అతుకును చల్లగా ఉంచితే కరెంటు పుడుతుందని సీబెక్ 1821లోనే చూపించారు. ఓమ్ బిస్మత్, రాగి తీసుకున్నారు. ఒక అతుకు మరిగే నీళ్లలో, ఇంకోటి మంచులో. నీళ్లు మరిగే వేడి మారదు, మంచు కరిగే చల్లదనం మారదు. కాబట్టి సోర్సూ మారదు. నిలకడ సమస్య తీరిపోయింది.

తర్వాత ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు తీసుకున్నారు. పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళాలు. ఒక్కోటీ పెట్టి సూది ఎంత తిరిగిందో రాసుకున్నారు. 1826లో అసలు సూత్రం దొరికింది. తీగ పొడవు రెట్టింపు చేస్తే కరెంటు సరిగ్గా సగం అవ్వడం లేదు. ఎందుకంటే బయటి తీగతో పాటు సర్క్యూట్‌లో మిగతా భాగానికీ కొంత నిరోధం ఉంది. రెండింటినీ కలిపి, ఆ మొత్తంతో సోర్సు బలాన్ని భాగిస్తే కరెంటు వచ్చేస్తోంది. ఎనిమిది తీగలకూ లెక్క సరిపోయింది.

కిందటి ఏడాది ప్రచురించిన సూత్రాన్ని ఈ ఏడాది తనే పక్కనపెట్టారు. దాన్ని కాపాడుకోవడానికి ప్రయత్నించలేదు. ముందు సోర్సును నిలకడ చేసి, తర్వాతే తీగను కొలిచారు. ఆయన పనికి బలం అక్కడే ఉంది.

ప్యానెల్ కూడా ఓ సోర్సే

ఇప్పుడు మన 100 వాట్ల ప్యానెల్ దగ్గరికి వద్దాం. దాని వెనక ఓ లేబుల్ ఉంటుంది. మామూలు 36 సెల్స్ ప్యానెల్ అయితే అందులో ఇంచుమించు ఇలా ఉంటుంది. గరిష్ఠ పవర్ ఇచ్చే వోల్టేజి, అంటే వీఎంపీ 18 వోల్టులు. అప్పటి కరెంటు ఐఎంపీ 5.55 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 100 వాట్లు. తీగలేవీ తగిలించనప్పటి వోల్టేజి వీఓసీ 22 వోల్టులు. రెండు తీగలూ కలిపేస్తే పారే కరెంటు ఐఎస్‌సీ దాదాపు 6 ఆంపియర్లు.

ప్యానెల్ తీగలాంటిది కాదు. దాని వోల్టేజి, కరెంటు ఒకే నిష్పత్తిలో పెరగవు. అయినా ఓమ్ లెక్క ఇక్కడ పనికొస్తుంది. 18ని 5.55తో భాగిస్తే 3.24 ఓమ్‌లు. అంటే నిండు ఎండలో ప్యానెల్‌కు ఎదురుగా 3.24 ఓమ్‌ల లోడు కనిపిస్తేనే అది పూర్తి 100 వాట్లు ఇస్తుంది. మబ్బు పట్టి కరెంటు సగమైతే ఆ అంకె దాదాపు 6.5 ఓమ్‌లకు పెరుగుతుంది. సరైన లోడు నిమిషనిమిషానికీ మారుతుంటుందన్నమాట.

మార్కెట్లో రెండు రకాల కంట్రోలర్లు ఉన్నాయి.

పీడబ్ల్యూఎం: ఇది వేగంగా తెరుచుకుని మూసుకునే స్విచ్. మూసుకున్నప్పుడు ప్యానెల్ నేరుగా బ్యాటరీకి తగులుకుంటుంది. బ్యాటరీ 13 వోల్టుల దగ్గర ఉంటే ప్యానెల్ కూడా 13కే దిగి వస్తుంది. 13ను 5.55తో గుణిస్తే 72 వాట్లు. మిగతా 28 వాట్లు వాడకుండానే పోతాయి. ధర తక్కువ, లోపల పాడయ్యే భాగాలూ తక్కువ.

ఎంపీపీటీ: ఇందులో డీసీని వేరే వోల్టేజి డీసీగా మార్చే కన్వర్టర్ ఉంటుంది. ప్యానెల్ వైపు 18 వోల్టులు, బ్యాటరీ వైపు 13 వోల్టులు. ప్యానెల్‌కు ఎప్పటికప్పుడు సరైన ఓమ్‌ల లోడు కనిపించేలా సర్దుకుంటూ ఉంటుంది. కన్వర్టర్‌లో 5 శాతం పోయిందనుకున్నా 95 వాట్లు బ్యాటరీకి చేరతాయి. అంటే 7.3 ఆంపియర్లు.

ఇది చూసి ఎంపీపీటీయే మేలని రాసేస్తే సగం జవాబే అవుతుంది. లేబుల్ మీది అంకెలు 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత దగ్గరివి. మన వేసవిలో డాబా మీది ప్యానెల్ సెల్స్ 60 డిగ్రీలు దాటేస్తాయి. డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున వీఎంపీ పడిపోతుంది. 18 వోల్టులు కాస్తా 15కు కాస్త పైకి దిగుతాయి. అప్పుడు ప్యానెల్ ఇచ్చేది 85 వాట్లే. ఎంపీపీటీ నుంచి బ్యాటరీకి చేరేది 81 వాట్లు, పీడబ్ల్యూఎం నుంచి 72 వాట్లు. బ్యాటరీ నిండుతూ 14 వోల్టులకు చేరితే పీడబ్ల్యూఎం ఇచ్చేది 78 వాట్లకు పెరుగుతుంది. తేడా దాదాపు కరిగిపోయింది! చిన్న 36 సెల్స్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ, వేడి ఊరు.. ఈ మూడూ కలిస్తే పీడబ్ల్యూఎం చక్కగా సరిపోతుంది.

అదే 60 సెల్స్ ఉన్న 250 వాట్ల ప్యానెల్ అనుకోండి. వీఎంపీ 30 వోల్టులు, కరెంటు 8.33 ఆంపియర్లు. పీడబ్ల్యూఎంతో 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే వచ్చేది 108 వాట్లే. సగానికి పైగా పోయినట్టే. ఇక్కడ ఎంపీపీటీ తప్పదు. ప్యానెల్ ఏదో తెలియకుండా కంట్రోలర్ చెప్పలేం అనేది అందుకే.

తీగను మరిచిపోవద్దు

ఓమ్ కొలిచింది రాగి తీగలనే. కంట్రోలర్‌కూ బ్యాటరీకీ మధ్య 10 మీటర్ల దూరం, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉందనుకుందాం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి లెక్కలోకి వచ్చే పొడవు 20 మీటర్లు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. దాని నిరోధం దాదాపు 0.138 ఓమ్. 5.55 ఆంపియర్లతో గుణిస్తే ముప్పావు వోల్టు తీగలోనే పోతుంది.

పోయే పవర్ 4 వాట్ల చిల్లరే. అంతకంటే పెద్ద నష్టం వేరే ఉంది. బ్యాటరీ నిండిందో లేదో కంట్రోలర్ తన టెర్మినల్ దగ్గరి వోల్టేజిని బట్టే నిర్ణయిస్తుంది. దానికి 14.4 కనిపిస్తుంటే బ్యాటరీ దగ్గర 13.6 మాత్రమే ఉంటుంది. నిండిందనుకుని ముందుగానే చార్జింగ్ తగ్గించేస్తుంది. రోజూ సగం కడుపుతో మిగిలే లెడ్ యాసిడ్ బ్యాటరీ తొందరగా పాడవుతుంది. కస్టమరేమో బ్యాటరీ మంచిది కాదంటాడు. కంట్రోలర్‌ను బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెడితే ఈ గొడవే ఉండదు. పొడవు తీగ ప్యానెల్ వైపు ఉంటే నష్టం తక్కువ.

పుస్తకం వచ్చింది, ఉద్యోగం పోయింది

సూత్రం దొరికాక ఓమ్ ఒక నిర్ణయం తీసుకున్నారు. స్కూలు నుంచి ఏడాది సెలవు అడిగారు. 1826లో సగం జీతంతో సెలవు దొరికింది. బెర్లిన్‌లో ఉన్న తమ్ముడు మార్టిన్ ఇంటికి వెళ్లి పుస్తకం పూర్తి చేశారు. 1827లో అది అచ్చయింది. దాన్ని చూసి ఏదైనా యూనివర్సిటీ పిలుస్తుందని ఆశపడ్డారు.

ఎవరూ పిలవలేదు. కొందరు గట్టిగా విమర్శించారు. చాలామంది పట్టించుకోలేదు. దీనికి ఒక కారణం కాలం. ప్రకృతిని గణితంతో వివరించడాన్ని అప్పటి జర్మనీలో చాలామంది మెచ్చేవారు కాదు. రెండో కారణం పుస్తకంలోనే ఉంది. ఎనిమిది తీగల కొలతలు ఆయన చేతిలో ఉన్న బలమైన సాక్ష్యం. అవి అంతకుముందు పేపర్లలో ఉన్నాయి. పుస్తకంలో మాత్రం సమీకరణాలే ముందు నిలబడ్డాయి. గణితం అలవాటు లేని పాఠకుడికి అది కొలిచి చెప్పిన సంగతిలా కాకుండా ఊహలా కనిపించింది.

ప్రాజెక్టు రిపోర్టు రాసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎదుటివాళ్లు నమ్మాల్సింది మీ సమీకరణాన్నయినా, ముందు చూపించాల్సింది మీరు కొలిచిన పట్టికను.

సెలవు అయిపోయింది. కొలోన్‌కు తిరిగి వెళ్లడానికి ఓమ్‌కు మనసొప్పలేదు. 1828 మార్చిలో రాజీనామా చేశారు. తర్వాత బెర్లిన్‌లో తాత్కాలికంగా గణిత పాఠాలు చెబుతూ అయిదేళ్లు నెట్టుకొచ్చారు. దీన్ని వీరగాథలా చెప్పుకోనక్కర్లేదు. చేతిలో ఇంకో పోస్టు లేకుండా ఉన్నది వదిలేయడం వల్ల ఆయన చాలా కష్టపడ్డారు. నలభైకి దగ్గరపడిన వయసులో, మంచి ల్యాబ్‌కు దూరమై, గంటల లెక్కన పాఠాలు చెప్పాల్సి వచ్చింది. నియమం నిజమే కావడం ఆ అయిదేళ్లలో ఆయన అద్దె కట్టలేదు.

కొలతలు దారి చూపాయి

1831లో లైప్‌జిగ్‌లో ఫెక్నర్ అనే శాస్త్రవేత్త సొంతంగా ప్రయోగాలు చేసి ఓమ్ చెప్పింది సరైనదేనని తేల్చారు. ఫ్రాన్స్‌లో పూయే చేసిన ప్రయోగాలూ అటే చూపాయి. కొలిచి చెప్పిన మాటకు ఉన్న సౌలభ్యం ఇదే. చెప్పినవాడి హోదాతో పని లేదు. అనుమానం ఉన్నవాళ్లు తీగలు తెచ్చుకుని మళ్లీ కొలుచుకోవచ్చు.

1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ప్రొఫెసర్ పోస్టు వచ్చింది. 1839లో ఆ సంస్థకు అధిపతి అయ్యారు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. పుస్తకం వచ్చిన 14 ఏళ్లకు వచ్చిన గుర్తింపు ఇది. ఆయన పుస్తకం ఇంగ్లిష్ అనువాదం వెలువడింది కూడా ఆ ఏడాదే. మరుసటి ఏడాది రాయల్ సొసైటీ ఆయన్ను విదేశీ సభ్యుడిగా చేర్చుకుంది. 1849లో మ్యూనిక్ చేరారు. 1852లో మ్యూనిక్ యూనివర్సిటీలో భౌతికశాస్త్ర పీఠం దక్కింది. డాక్టరేట్ తీసుకున్న 41 ఏళ్లకు, తను మొదటి నుంచీ కోరుకున్న పోస్టు వచ్చిందన్నమాట. అందులో ఉన్నది రెండేళ్లే. 1854 జులై 6న మ్యూనిక్‌లో కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు.

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సదస్సు నిరోధం కొలిచే ప్రమాణానికి ఆయన పేరును ఖరారు చేసింది. మీ మల్టీమీటర్ మీద గుర్రపునాడాలా కనిపించే ఒమేగా గుర్తు ఆయనదే.

ఇక మన ఇంటి లెక్క

ఓమ్ పద్ధతిలోనే మొదటి ప్రశ్నకు జవాబు కడదాం. ఒక్కో అంకె దగ్గర ఆగి రాసుకోండి.

1. లోడు: 5 వాట్ల బల్బులు మూడు, రోజుకు 5 గంటలు. మొత్తం 75 వాట్ అవర్లు. 25 వాట్ల డీసీ ఫ్యాన్ 8 గంటలు. 200 వాట్ అవర్లు. కలిపి 275.

2. సోర్సు: రోజుకు 4 గంటల నిండు ఎండ అనుకుందాం. 100 వాట్ల ప్యానెల్ పీడబ్ల్యూఎంతో 72 వాట్ల చొప్పున 288 వాట్ అవర్లు ఇస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలో 15 శాతం పోతే మిగిలేది 245. చాలదు. వేసవి వేడిలో ఎంపీపీటీ పెడితే 81 వాట్ల చొప్పున, నష్టాలు తీసేశాక 275. బొటాబొటీగా సరిపోతుంది కానీ ఒక్క రోజు మబ్బు పట్టినా చీకటే. అదే 150 వాట్ల 36 సెల్స్ ప్యానెల్, పీడబ్ల్యూఎం అయితే దాదాపు 368 దొరుకుతాయి. ఎంపీపీటీకి పెట్టే అదనపు డబ్బును పెద్ద ప్యానెల్ మీద పెట్టడం ఇక్కడ తెలివైన పని. ధరలు అడిగి రెండూ పోల్చండి.

3. ఆంపియర్లు: పీడబ్ల్యూఎం అయితే ఐఎస్‌సీని 1.25తో గుణించాలి. 100 వాట్ల ప్యానెల్‌కు 6 ఆంపియర్లు అంటే 7.5. కాబట్టి 10 ఆంపియర్ల కంట్రోలర్. 150 వాట్లకు దాదాపు 9 అంటే 11కు పైమాటే. కాబట్టి 15 లేదా 20 ఆంపియర్లది. ఎంపీపీటీ అయితే ప్యానెల్ వాట్లను బ్యాటరీ వోల్టేజితో భాగించాలి. 250ని 12తో భాగిస్తే 20.8. కాబట్టి 30 ఆంపియర్లది.

4. వోల్టేజి హద్దు: ఎంపీపీటీ మీద గరిష్ఠ వీఓసీ రాసి ఉంటుంది. చలిలో ప్యానెల్ వీఓసీ డిగ్రీకి దాదాపు 0.3 శాతం పెరుగుతుంది. 37.5 వోల్టుల ప్యానెళ్లు రెండు సిరీస్‌లో పెడితే 75. లంబసింగి లాంటి చోట చలికాలం తెల్లవారుజామున 5 డిగ్రీలు ఉంటే ఆ 75 దాదాపు 79.5 అవుతుంది. 75 వోల్టుల హద్దున్న కంట్రోలర్ కాలిపోతుంది. 100 వోల్టులది తీసుకోవాలి.

5. బ్యాటరీ రకం: 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర దాదాపు 14.4 వోల్టుల వరకు చార్జవుతుంది. 40 డిగ్రీల గదిలో దాన్ని 14 దాకా తగ్గించాలి. ఉష్ణోగ్రతను బట్టి సర్దుకునే సౌకర్యం ఉన్న కంట్రోలర్ కోసం అడగండి. లిథియం బ్యాటరీ అయితే కంట్రోలర్‌లో లిథియం సెట్టింగ్ తప్పనిసరి.

6. బిగింపు: చాలా కంట్రోలర్లకు ముందు బ్యాటరీ కలిపి, తర్వాత ప్యానెల్ కలపాలి. తీసేటప్పుడు ప్యానెల్ ముందు తీయాలి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కంట్రోలర్ లోడు టెర్మినల్‌కు కాకుండా సరైన ఫ్యూజుతో బ్యాటరీకే కలపాలి.

ఇంకో మాట. కరెంటు లైనుకు అనుసంధానమై, బ్యాటరీ లేకుండా నడిచే రూఫ్‌టాప్ సిస్టమ్‌కు చార్జ్ కంట్రోలరే అక్కర్లేదు. ప్రశ్నలో బ్యాటరీ ఉందో లేదో ముందు చూసుకోండి.

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే ఏ కంపెనీ కంట్రోలర్ కొనాలన్న దగ్గర మొదలుపెట్టకండి. కాగితం అడిగి లోడు, సోర్సు, తీగ అని మూడు వరుసలు గీయండి. ఒక్కోదాని పక్కన అంకె వేయండి. ఎండ 4 గంటలు, సెల్ వేడి 60 డిగ్రీలు, తీగ 10 మీటర్లు అంటూ మీరు అనుకున్న అంచనాలను కింద విడిగా రాయండి. ఎదుటి వ్యక్తి వాటిలో ఏ ఒక్కటి మార్చినా, మిగతా లెక్క అక్కడే మళ్లీ కట్టి చూపించొచ్చు.